లావు, వాలు తెలుగు అక్షరాలు: బోల్డ్ ఇటాలిక్ డిస్‌ప్లే ఫాంట్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో డీటీపీ, ఫ్లెక్సీ డిజైన్ నా పని. కంప్యూటర్ పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంటుంది. అందులో కూర్చున్నవాళ్లు కాసేపటికి మానిటర్ మీద వేలు పెట్టి, "ఈ పేరు ఇంకొంచెం లావు చెయ్యండి, కొంచెం వాల్చండి" అంటారు. ఆ తర్వాత వచ్చే సందేహాలూ ఇంచుమించు అవే. రోజూ నోటితో చెప్పేది ఒకసారి రాసి పెడితే నాకూ మీకూ టైము మిగులుతుందని ఇది రాశాను. మొదటినుంచీ చదవక్కర్లేదు, మీ పని ఎక్కడుందో ఆ ప్రశ్న దగ్గరికే వెళ్లిపోండి.

## చూడగానే వచ్చే సందేహాలు

బోల్డ్ ఇటాలిక్ డిస్‌ప్లే ఫాంటు అంటే ఏటి? సింపుల్‌గా చెప్పండి.

మూడు మాటలు, మూడు సంగతులు. బోల్డ్ అంటే గీత లావుగా ఉండడం. ఇటాలిక్ అంటే అక్షరం కుడివైపు వాలడం. డిస్‌ప్లే అంటే పెద్ద సైజులో, దూరం నుంచి చూడ్డానికి గీసినది, పేరాలకు పేరాలు చదవడానికి కాదు. మూడూ కలిస్తే అక్షరం కేక వేస్తుంది. సంతలో కూరగాయలాయన "రండి బాబూ రండి" అన్నట్టు. నాలుగు మాటలైతే తలతిప్పి చూస్తాం. నలభై మాటలు అలాగే అరిస్తే పక్క కొట్టుకి పోతాం.

ఇటాలిక్ అనే పేరు ఇటలీ నుంచే వచ్చిందా?

అక్కడినుంచే. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ప్రచురణకర్త వర్జిల్ కావ్యాలను చేతిలో ఇమిడే చిన్న పుస్తకంగా అచ్చు వేశాడు. దానికోసం ఫ్రాంచెస్కో గ్రిఫో అనే పనివాడు అప్పటి కచేరీ (సర్కారు ఆఫీసు) గుమాస్తాల గొలుసుకట్టు రాతను చూసి అక్షరాలు చెక్కాడు. అప్పట్లో పుస్తకమంతా అందులోనే ఉండేది. ఒక్క మాటను నొక్కి చెప్పడానికి మధ్యలో వాడడం తర్వాత వచ్చిన అలవాటు. బోల్డ్ పుట్టుక వేరు. 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో లాటరీ పోస్టర్లు, వ్యాపార ప్రకటనలు గోడలకెక్కిన రోజుల్లో ఈ బాగా లావైన అక్షరాలు బజారుకొచ్చాయి. అంటే ఇటాలిక్‌ది కచేరీ కుటుంబం, బోల్డ్‌ది బజారు కుటుంబం. వాళ్ల వియ్యమే ఇప్పుడు మీరడుగుతున్నది.

మన తెలుగుకి అసలైన ఇటాలిక్ ఉందా?

ఇంగ్లీషుకి ఉన్నట్టు లేదు. ఇంగ్లీషు ఇటాలిక్‌లో అక్షరం ఆకారమే మారుతుంది. బడి పుస్తకం తీసి చిన్న 'ఎ' చూడండి. మామూలు అచ్చులో రెండంతస్తుల మేడలా ఉంటుంది, ఇటాలిక్‌లో ఒక్క అంతస్తే. తెలుగు అచ్చులో అలాంటి రెండో రూపం స్థిరపడలేదు. తెలుగు ఫాంటులో ఇటాలిక్ అని కనబడేది చాలావరకు నిలువు అక్షరాన్ని పక్కకి తోసినదే.

మనకి వాలు ఎక్కడుందంటే చేతిరాతలో, సినిమా పోస్టర్ల మీద, లారీ వెనక, ఎన్నికల గోడల మీద. అక్కడ పెయింటరు అక్షరాన్ని మొదటినుంచీ వాలుగానే ఊహించి గీస్తాడు. తనంతట తాను ముందుకి వంగి పరుగెత్తే మనిషికీ, ఎవరో తోస్తే తూలే మనిషికీ ఎంత తేడా ఉందో, పెయింటరు గీసినదానికీ కంప్యూటర్ వాల్చినదానికీ అంత తేడా.

ఇంగ్లీషు పేరు వాలిస్తే స్టైలుగా ఉంది, తెలుగు పేరు వాలిస్తే నలిగిపోయినట్టుంది. ఎందుకలగ?

ఇంగ్లీషు అక్షరాలకు నిలువు కాళ్లుంటాయి. వాల్చినప్పుడు ఆ కాళ్లన్నీ ఒకే దిక్కుకి వంగి, "ఇది వాలు" అని కంటికి చెబుతాయి. తెలుగు అక్షరానికి కాళ్లు లేవు. 'ర', 'ల', 'ఠ' చూడండి, అన్నీ వంపులే. గుండ్రాన్ని పక్కకి తోస్తే వాలదు, గుడ్డు అవుతుంది.

లెక్క కూడా చెబుతాను. సున్నాను 14 డిగ్రీలు తోస్తే దాని గీత కుడి పైమూల, ఎడమ కిందిమూల సుమారు 13 శాతం లావెక్కుతుంది. ఎదురు మూలల్లో సుమారు 12 శాతం సన్నబడుతుంది. మామూలు ఫాంటులో ఇది పట్టుబడదు. లావు ఫాంటులో మాత్రం సున్నా ఒకవైపు వాచినట్టు కనబడుతుంది.

తలకట్టుది ఇంకో బాధ. అది ముందునుంచే కుడివైపు వాలిన గీత. దాన్ని మళ్లీ వాలిస్తే పడుకుంటుంది, దాని కొస పక్క అక్షరం నెత్తికి తగులుతుంది. "విజయనగరం" అని టైపు చేసి వాల్చి, 'న', 'గ' తలకట్లు చూడండి, అర్థమవుతుంది.

ఎడమవైపు వాలిస్తే వెరైటీగా ఉంటుంది కదా?

ఉంటుంది. బ్రేకు వేసినట్టు కూడా ఉంటుంది. మనం ఎడమనుంచి కుడికి చదువుతాం కాబట్టి కుడి వాలు ముందుకి పోతున్నట్టు, ఎడమ వాలు వెనక్కి లాగుతున్నట్టు అనిపిస్తుంది. నవ్వు పుట్టించాల్సిన చోట తప్ప నేను పెట్టను.

## ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

షాపు బోర్డు మొత్తం ఇందులోనే రాయించుకోవచ్చా?

వద్దండి. పేరు ఒక్కటే రాయించండి, కాకపోతే "ఆఫర్", "కొత్త స్టాకు" లాంటి ఒక్క మాట. మిగతాదంతా నిలువు అక్షరాల్లో, కొంచెం సన్నగా ఉండాలి. లావు లావుగా కనబడాలంటే పక్కన సన్నం ఉండాలి. వాలూ అంతే. ఏడు రోడ్ల జంక్షన్లో నిలబడి ఒక నిమిషం పైకి చూడండి. ప్రతి బోర్డూ లావు, ప్రతి బోర్డూ వాలు, ప్రతిదానికీ పసుపు అంచు. మీ కన్ను చివరికి ఆగేది మామూలుగా రాసిన ఏ పాత బోర్డు దగ్గరో.

సిరిమానోత్సవం ఫ్లెక్సీకి ఈ అక్షరాలు నప్పుతాయా?

బాగా నప్పుతాయి, పండక్కే ఆ వాలు ఉంది కాబట్టి. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను కదిలినప్పుడు, పూజారి కూర్చున్న మాను కొస ఆకాశంలోకి ఏటవాలుగా లేచి ఉంటుంది. ఫొటోలో మాను ఏ కోణంలో ఉందో చూసి, హెడ్డింగు వాలు దానికి ఎదురు పడకుండా పెట్టండి. మాను కుడికి లేస్తుంటే అక్షరాలూ కుడికి. మాను ఎడమకి లేస్తున్న ఫొటో అయితే హెడ్డింగు నిలువుగా ఉంచడం మేలు. వాలిస్తే రెండూ ఢీకొట్టుకున్నట్టుంటుంది.

ఆ మాటలో ఇంకో చిక్కుంది. "సిరిమానోత్సవం"లో 'త్స' ఉంది, "పైడితల్లి"లో 'ల్లి' ఉంది. లావు ఫాంటులో ఈ రెండు వత్తులూ ముద్దవుతున్నాయేమో ముందు చూసుకోండి.

పెళ్లి కార్డు మీద వధూవరుల పేర్లకి పెట్టొచ్చా?

వాలు పెట్టొచ్చు, లావు వద్దు. శుభలేఖ చేతిలో పట్టుకుని చదివేది, అక్కడ కేక అక్కర్లేదు. సన్నటి చేతిరాతలాంటి ఫాంటు అయితే అందంగా ఉంటుంది. బాపు గారి చేతిరాత ఫాంటుగా వచ్చింది కదా, కార్డుల మీద పేర్లకి ఇప్పటికీ జనం దాన్నే అడుగుతారు. బోల్డ్ ఇటాలిక్ కావాలంటే పెళ్లి పందిరి ముందు కట్టే ఫ్లెక్సీకి పెట్టుకోండి.

శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి?

వద్దు. నిలువుగా, మధ్యస్థంగా, నలుపులో.

కబడ్డీ, క్రికెట్ టోర్నమెంటు పోస్టర్లకి అందరూ ఇదే ఎందుకు అడుగుతారు?

పరుగు కనబడుతుందని. ముందుకి వంగినది కదులుతున్నట్టు, లావుగా ఉన్నది బలంగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఆటకి కావలసినవి ఆ రెండే. మల్లయోధుడు కోడి రామమూర్తి గారి వీరఘట్టం ఉన్న ప్రాంతం మనది, బలానికి తగ్గ అక్షరం అడగడంలో తప్పులేదు. టోర్నమెంటు పేరు, ఊరి పేరు అందులో పెట్టండి. ఎంట్రీ ఫీజు, తేదీలు, నియమాలు మాత్రం నిలువు అక్షరాల్లో పెట్టకపోతే కుర్రాళ్లు మళ్లీ మీకే ఫోన్ చేసి అడుగుతారు.

జెర్సీ మీద తెలుగులో ఊరి పేరు వేయించుకోవాలి. బాగా వస్తుందా?

సాదా బట్ట మీద బాగా వస్తుంది. చిల్లుల బట్టయితే సన్నటి సందులు పోతాయి, అక్షరం లోపలి ఖాళీలు పెద్దగా ఉన్న ఫాంటు తీసుకోండి. వీపు మీద బట్ట ముడతలు పడుతుంది కాబట్టి వాలు తక్కువ పెట్టించండి. "రాజాం" లాంటి పొట్టి పేర్లకి ఇబ్బంది లేదు. "ఆమదాలవలస" అయితే రెండు భుజాలకీ సాగదీయకుండా సైజు తగ్గించండి.

ఫోన్ నంబరు కూడా అదే స్టైల్లో పెట్టండి అంటే మీరు ఎందుకు ఒప్పుకోరు?

నంబరు అర్థాన్నిబట్టి ఊహించుకుని చదివేది కాదు. "శ్రీకాకుళం"లో ఒక అక్షరం చెరిగినా చదివేస్తాం, నంబరులో ఒక అంకె తప్పితే కాల్ ఇంకెవరికో పోతుంది. లావుగా వాలిన 3, 8 బైకు మీంచి చూస్తే ఒకటే. 6, 8 కూడా అంతే. నంబరు నిలువుగా, అంకెల మధ్య కొంచెం ఎడంగా ఉండాలి.

పలాస జీడిపప్పు ప్యాకెట్ లేబుల్‌కి పెట్టాలనుకుంటున్నాం. సరిపోతుందా?

బ్రాండు పేరుకి సరిపోతుంది. చిన్న ప్యాకెట్ మీద "జీడిపప్పు"లోని 'ప్పు' ఎలా పడిందో ఒకసారి అసలు సైజులో ప్రింటు తీసి చూడండి. మానిటర్ మీద పెద్దది చేసి చూసి మురిసిపోతే ప్రెస్సు నుంచి వచ్చాక ఏడుపే. బరువు, తయారీ తేదీ, పదార్థాలు ఇందులో వేయకండి.

## ఫాంటు ఎంచుకునేటప్పుడు

ఉచితంగా దొరికే మంచి లావు తెలుగు ఫాంట్లు చెప్పండి.

నేను రోజూ వాడేవి చెబుతాను. రామభద్ర బాగా లావుగా, పోస్టరుకి పనికొచ్చేలా ఉంటుంది. ఎక్ టైప్ అనే ఫాంట్ల సంస్థవాళ్ల బాలూ తమ్ముడు 2 గుండ్రంగా, నవ్వుతున్నట్టు ఉంటుంది, రెగ్యులర్ నుంచి ఎక్స్‌ట్రా బోల్డ్ దాకా అయిదు మందాలున్నాయి. పిల్లల దుకాణాలకి, బేకరీలకి బాగుంటుంది. వాళ్లదే అనెక్ తెలుగులో మందంతో పాటు వెడల్పు కూడా జరుపుకోవచ్చు, పొడుగు పేరుని ఇరుకు బోర్డులో పట్టించడానికి దానికి మించింది నాకు దొరకలేదు. హింద్ గుంటూరు పొందికైనది, దానికీ అయిదు మందాలు. నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు సన్నం నుంచి బాగా లావు దాకా వస్తాయి.

ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. ఏ ఒక్కదానికీ తెలుగు ఇటాలిక్ ఫైలు విడిగా లేదు. వాలు మీరు ఇచ్చుకోవలసిందే.

గిడుగు, గురజాడ పేర్లతో ఫాంట్లున్నాయట, నిజమేనా?

నిజమే. సిలికాన్ ఆంధ్ర విడుదల చేసిన తెలుగు ఫాంట్లలో అవి రెండూ ఉన్నాయి. 1863లో మన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు, విజయనగరంలో ఉండి రాసిన గురజాడ అప్పారావు గారు ఇద్దరూ జనం మాట్లాడే భాష పుస్తకాల్లోకి రావాలని పోరాడినవాళ్లు. వాళ్ల పేరున్న అక్షరాలతో మన కిరాణా బోర్డు రాయించుకోవడం నాకు ముచ్చటగా ఉంటుంది.

పనిమాట చెప్పాలంటే ఒక్కోదానికీ ఒకే మందం వస్తుంది. బోల్డ్ బటన్ నొక్కితే వచ్చే లావు ఫాంటు గీసినవాళ్లు ఇచ్చినది కాదు, సాఫ్ట్‌వేర్ పూసినది.

అను ఫాంట్స్ వాడాలా, యూనికోడ్ వాడాలా?

పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫైళ్ల మీద పని ఉంటే అను ఫాంట్స్ తప్పవు, పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలుగు రాదు. కొత్తగా మొదలుపెట్టే పనికి యూనికోడ్ తీసుకోండి, అది అన్ని కంప్యూటర్లూ అక్షరాలను ఒకేలా గుర్తుపట్టే పద్ధతి. అనులో కొట్టిన మేటరు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసి పిచ్చిరాతలా కనబడుతుంది. యూనికోడ్‌లో కొట్టినది ఫోన్లో, వెబ్‌సైట్లో, వాట్సాప్‌లో ఎక్కడైనా తెలుగే. ఒకసారి కొట్టి అన్నిచోట్లా వాడుకోవచ్చు.

ఫాంటు బాగుందో లేదో ఏ మాట టైపు చేసి చూడాలి?

ఫాంటు అమ్మేవాళ్లు చూపించే నమూనా మాట ఎప్పుడూ తేలికదే ఉంటుంది. మన ఊళ్ల పేర్లే మంచి పరీక్ష. "శ్రీకూర్మం" కొట్టండి. 'శ్రీ'లో క్రావడి, గుడిదీర్ఘం, 'కూ' దాటగానే 'ర్మ' వత్తు, అన్నీ ఒక్క మాటలో వస్తాయి. "బొబ్బిలి"లో 'బ్బి' చూడండి, కింది 'బ' వత్తు కడుపు మూసుకుపోయిందా? "కళింగపట్నం"లో 'ట్న' విడిగా తెలుస్తోందా? "పొందూరు"లో సున్నా పక్కవాటికి అంటుకుందా? "రథసప్తమి"లో 'థ' కడుపులో చుక్క కనబడుతోందా? ఈ అయిదూ దాటిన ఫాంటు మిగతావన్నీ దాటేస్తుంది. "విజయనగరం" ఒక్కటే కొట్టి చూస్తే ఏ ఫాంటైనా పాసే. అందులో ఒక్క వత్తూ లేదు.

ఉచిత ఫాంటుతో లోగో చేయించుకుంటే రేపు ఎవరైనా కేసు వేస్తారా?

సిల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నదైతే వ్యాపారానికి, లోగోకి, ప్రింటుకి వాడుకోవచ్చు. ఆ ఫాంటు ఫైలునే విడిగా అమ్ముకోకూడదు, అంతే. "వ్యక్తిగత వాడకానికి మాత్రమే" అని రాసి ఉన్నవాటితో జాగ్రత్త. పెన్‌డ్రైవుల్లో చేతులు మారే పాత ఫాంట్ల మూటల్లో ఏది ఎవరిదో తెలియదు, లోగోకి వాటి జోలికి పోవద్దు.

## కంప్యూటర్ మీద పని చేసేటప్పుడు

'బి', 'ఐ' బటన్లు నొక్కితే సరిపోదా? అంతకి ఇంత కథేటి?

ఆ ఫాంటుకి అసలు బోల్డ్ ఫైలు ఉంటే 'బి' నొక్కగానే అదే వస్తుంది, ఇబ్బంది లేదు. లేకపోతే సాఫ్ట్‌వేర్ ఉన్న అక్షరం అంచులకే మందం పూస్తుంది. బయటికి పూసినట్టే లోపలికీ పూస్తుంది కాబట్టి 'ఘ', 'ఖ', 'భ' లాంటి అక్షరాల్లో ఖాళీలు పూడిపోతాయి. 'ఐ' సంగతీ అంతే, ఇటాలిక్ ఫైలు లేకపోతే గుడ్డిగా పక్కకి తోస్తుంది. రెండూ కలిపి నొక్కితే రెండు దొంగ పనులు ఒకేసారి.

నేనైతే నిజంగా లావుగా గీసిన ఫాంటు తీసుకుని 'బి' ముట్టుకోను. వాలు మాత్రం కోణం చూసుకుని చేత్తో ఇస్తాను. కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరం మీద రెండోసారి క్లిక్ చేస్తే పక్కలకి జరిపే గుర్తులు వస్తాయి, వాటితో.

ఎన్ని డిగ్రీలు వాలిస్తే బాగుంటుంది?

తెలుగుకి 8 డిగ్రీల దగ్గర ఆగండి, మహా అయితే 10. సాఫ్ట్‌వేర్లు తమంతట తాము ఇచ్చే వాలు తరచుగా 14 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. నిలువు కాళ్ల అక్షరాలకి అది చెల్లుతుంది, మన గుండ్రాలకి ఎక్కువ. అడుగు ఎత్తు అక్షరానికి 14 డిగ్రీలంటే తల మూడు అంగుళాలు కుడికి పోతుంది. 8 డిగ్రీలైతే అంగుళం ముప్పావు లోపే. ఆ తేడాలోనే అక్షరం నిలుస్తుందా తూలుతుందా అన్నది తేలిపోతుంది.

వాల్చగానే వత్తులు పక్క అక్షరం కిందికి పోతున్నాయి. ఎలగ సరిచెయ్యాలి?

తెలుగు వాలులో అసలు పని ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. వాల్చినప్పుడు అక్షరం కూర్చున్న గీత కదలదు. దానికి పైనున్నది కుడికి, కిందున్నది ఎడమకి జరుగుతుంది. అడుగు ఎత్తు అక్షరాన్ని 14 డిగ్రీలు వాల్చారనుకోండి. పైన గుడి మూడు అంగుళాలు కుడికి, అరడుగు కిందున్న వత్తు అంగుళంన్నర ఎడమకి పోతాయి. రెండింటి మధ్య నాలుగున్నర అంగుళాల ఎడం వచ్చింది. "అరసవల్లి"లో 'ల్లి' వత్తు వెనక 'వ' కింద దూరి, ఎవరిదో తెలియకుండా కూర్చుంటుంది.

సరిచెయ్యడం ఇలా. ముందు అక్షరాలను కర్వ్స్ చెయ్యండి, అంటే టైపు చేసినదాన్ని గీసిన బొమ్మగా మార్చడం, కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ. వత్తులను విడదీయండి. విడదీసిన వత్తును తన అక్షరం కడుపు కిందికి జరపండి. వాలు అలాగే ఉంచి, చోటు మాత్రం మార్చండి. ఎంత జరపాలో కొలత చెప్పలేను, కంటితోనే. 'క్రావడి' ఉన్న 'శ్రీ', 'ప్ర', 'క్ర' లాంటివాటిని విడదీయకండి, అక్షరం ఎడమనుంచి చుట్టుకుని వచ్చే గీత తెగితే మళ్లీ అతకదు.

పదిహేను నిమిషాల పని. ఈ పని చేసిన పేరుకీ, చెయ్యని పేరుకీ తేడా కస్టమరు మాటల్లో చెప్పలేడు కానీ, "ఇది బాగుంది" అని వేలు మాత్రం దీనిమీదే పెడతాడు.

"రథసప్తమి" అని కొడితే "రధసప్తమి"లా ఎందుకు కనబడుతోంది?

'ధ'కీ 'థ'కీ తేడా కడుపులో ఒక్క చుక్క. అక్షరం లావెక్కితే ఆ కడుపు చిన్నదవుతుంది, చుక్క గోడలకి అంటుకుని మాయమవుతుంది. ఈ తప్పు నేనే చేశాను. అరసవల్లి రథసప్తమికి ఓ కమిటీవాళ్లకి ఇరవై అడుగుల ఫ్లెక్సీ వేశాను, బాగా లావు ఫాంటు, మీద బోల్డ్ బటన్ కూడా. కట్టిన గంటకి ఒక తెలుగు మాస్టారు ఫోన్ చేసి, "బాబూ, రథానికి చక్రం ఇరుసు ఊడిపోయింది, చూసుకో" అన్నారు. మానిటర్ మీద పెద్దదిగా చూస్తే చుక్క ఉంది. రోడ్డు మీద లేదు.

ఇప్పుడు 'థ' వస్తే కర్వ్స్ చేసి, లోపలి ఖాళీని చుట్టూ కొంచెం కోసి, చుక్కను కాస్త చిన్నది చేస్తాను. "కథ", "పథకం", "గ్రంథాలయం" అన్నిటికీ ఇదే.

ఫొటోషాప్‌లో తెలుగు కొడితే వత్తులు విడివిడిగా పడుతున్నాయి. ఫాంటు పాడైందా?

ఫాంటు తప్పు కాదు, సెట్టింగు. కొన్నేళ్ల కిందటి వెర్షన్లయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర టెక్స్ట్ ఇంజిన్‌ను వరల్డ్ రెడీ లేఅవుట్‌కి మార్చండి. ఇంకా పాత వెర్షన్లలో అదే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. మార్చాక కొత్త ఫైలు తెరిచి కొట్టండి. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి.

రెండు లైన్ల హెడ్డింగు పెడితే పైలైను వత్తులు కిందిలైను గుడులకి గుద్దుకుంటున్నాయి.

లైన్ల మధ్య ఎడం పెంచండి, అది మొదటి మందు. తెలుగుకి పైనా కిందా సామాను ఉంది కాబట్టి ఇంగ్లీషుకి పెట్టిన ఎడం చాలదు. చోటు లేకపోతే మాటలు మార్చి లైన్లు విరవండి. వత్తులు తక్కువున్న మాటలు పైలైనులో పడేలా చూడండి. అదీ కుదరకపోతే ఒక లైను సన్నగా, నిలువుగా పెట్టేయండి. రెండు లైన్లూ కేక వెయ్యక్కర్లేదు.

తెలుగు పేరు పక్కన ఇంగ్లీషు పేరు కూడా ఉంది. రెండూ ఒకలా కనబడాలంటే?

కోణం ఒకటే చెయ్యండి. ఇంగ్లీషు ఇటాలిక్ ఎంత వాలిందో చూసి, అది 12 డిగ్రీలుంటే తక్కువ వాలున్న ఇంకో ఫాంటు వెతకండి. తెలుగును దానికోసం లాగొద్దు. మందం కూడా కంటితో సరిచూడండి, ఒకే అంకె పెట్టినంత మాత్రాన రెండు లిపులూ ఒకే లావుగా కనబడవు. కుర్రాళ్లు ఎక్కువగా అడిగే లాబ్‌స్టర్ ఫాంటు 2010లో పాబ్లో ఇంపల్లారి గీసినది. అది పుట్టుకతోనే వాలిన లావు అక్షరం. దాని పక్కన తెలుగు నిలువుగా ఉన్నా చెల్లుతుంది, ఒకటి సంతకంలా, ఒకటి అచ్చులా.

చుట్టూ తెల్ల అంచు, దానిచుట్టూ ఎర్ర అంచు, నీడ కూడా పెట్టండి.

అంచు ఒకటి చాలు, అదీ బయటివైపే. లోపలికి పెడితే అక్షరం కడుపు పూడిపోతుంది. నీడ పెడితే అది కూడా వాలు వైపే పడాలి.

## ప్రింటు, గోడ, ఫోన్

రోడ్డు మీంచి కనబడాలంటే అక్షరం ఎంత ఎత్తుండాలి?

బోర్డుల పనిలో వాడే మోటు లెక్క, పదడుగుల దూరానికి అంగుళం ఎత్తు. వంద అడుగుల నుంచి చదవాలంటే పది అంగుళాలు. తెలుగుకి నేను ఇంకో పావు భాగం కలుపుతాను, పన్నెండున్నర అంగుళాలు. ఆ కొలత అక్షరం ఒంటికి మాత్రమే. గుడి, వత్తు దాని బయటే. చాలామంది వత్తు కొస నుంచి గుడి కొస దాకా కొలిచి పెద్దదనుకుంటారు, కట్టాక అక్షరం చిన్నదైపోతుంది.

ఫైలు ప్రింటుకి పంపితే అక్కడ ఫాంటు మారిపోయింది. ఏం చెయ్యాలి?

పంపేముందు అక్షరాలన్నీ కర్వ్స్ చేసి పిడిఎఫ్ పంపండి. కర్వ్స్ చెయ్యని అసలు ఫైలు ఒకటి మీ దగ్గర విడిగా దాచుకోండి. రేపు తేదీ మార్చాలంటే అదే కావాలి.

వాట్సాప్‌లో తెలుగు మెసేజ్ బోల్డ్ ఇటాలిక్ ఎలగ?

మాటకి రెండువైపులా నక్షత్రం గుర్తు (*) పెడితే లావు, అడుగుగీత (_) పెడితే వాలు. రెండూ పెడితే రెండూ. ఇంగ్లీషు పేర్లకి వాడే "స్టైలిష్ టెక్స్ట్" యాప్‌లు తెలుగుకి పనిచెయ్యవు. అవి వాడేవి యూనికోడ్‌లో గణితం కోసం విడిగా పెట్టిన వాలు, లావు ఇంగ్లీషు అక్షరాలు. తెలుగు లిపికి అలాంటి వరస లేదు.

యూట్యూబ్ థంబ్‌నెయిల్‌కి?

పనికొస్తుంది. 1280 బై 720లో చేసినా ఫోన్లో చూసేది బొటనవేలంత. మూడు మాటలు దాటనివ్వకండి.

వెబ్‌సైట్లో తెలుగు వాలు వికారంగా వస్తోంది.

ఫాంటుకి ఇటాలిక్ లేదు కాబట్టి బ్రౌజరు తనే తోస్తోంది. వెబ్‌పేజీ రూపం రాసే సిఎస్ఎస్ కోడ్‌లో ఫాంట్ సింథసిస్ ఆపేస్తే ఆ దొంగ వాలు ఆగిపోతుంది. నొక్కి చెప్పాల్సిన మాటకి తెలుగులో మందమో రంగో ఇవ్వండి. వాలిన హెడ్డింగే కావాలంటే బొమ్మగా చేసి పెట్టుకోవచ్చు.

గోడ మీద పెయింటరుతో చేత్తో రాయిస్తున్నాం. వాలు అంతా ఒకేలా రావాలంటే?

మొదట అడ్డగీతలు, తర్వాత వాలుగీతలు సుద్దతో గోడ పొడుగునా గీయించండి. ఆరంగుళాలు పైకి పోతే అంగుళం కుడికి, అదే లెక్క. సుమారు తొమ్మిదిన్నర డిగ్రీలు వస్తుంది. అక్షరానికొక గీత ఉండాలి. గీతలు లేకుండా మొదలుపెడితే మొదటి అక్షరాలు బాగా వాలి, నిచ్చెన జరిపిన ప్రతిసారీ కొంచెం కొంచెం లేచి, గోడ చివరికి వచ్చేసరికి నిలబడిపోతాయి. చెయ్యి తిరిగిన పెయింటరైతే వత్తు గురించి మీరు చెప్పక్కర్లేదు, తనే సరైనచోట వేస్తాడు.

మా నాన్న రాయించిన పాత షాపు బోర్డు ఫొటో ఉంది. అచ్చం ఆ అక్షరాలే కావాలి. ఏ ఫాంటు అది?

ఫాంటు కాదది, ఎవరో పెయింటరు చెయ్యి. వెతక్కండి. బోర్డుకి ఎదురుగా నిలబడి, పక్కనుంచి కాకుండా, నీడ పడని వేళ ఇంకో ఫొటో తీసి తెండి. దానిమీద పెన్ టూల్‌తో ఆ పేరులోని అక్షరాలు మాత్రం గీస్తాను. కొత్త మాటలు అదే రాతలో కావాలంటే ఉన్న ముక్కల నుంచి కట్టాలి, దానికి ఎక్కువ రోజులు పడుతుంది. మొన్న విజయనగరం మూడు లాంతర్ల దగ్గరి ఒక బట్టల కొట్టు పేరు అలా గీశాను. పేరులో రెండు 'ల'లు ఉన్నాయి, ఒకటి కొంచెం ఎక్కువ వాలింది, దాని చివరి వంపు కూడా పొడుగు. ఓనరు అబ్బాయి రెండూ ఒకేలా చెయ్యమన్నాడు. వాళ్ల నాన్నగారు కుర్చీలోంచి లేవకుండానే, "ముట్టుకోకు" అన్నారు. అలాగే ఉంచాను.